గట్టు కింద బుంగ మొదలయ్యే దశను లెక్కించడం: ఎగ్జిట్ గ్రేడియంట్ ఒక్కటే ఎందుకు చాలదు

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. గోదావరి డెల్టాలోని ఒక వరద గట్టుకు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, అంటే నేలను చిన్న చిన్న గడులుగా (మెష్) విడగొట్టి, ఊట విశ్లేషణ చేశారు. పొలం వైపు గట్టు పాదం దగ్గర మెష్‌ను సన్నం చేసిన ప్రతిసారీ ఎగ్జిట్ గ్రేడియంట్ (ఊట నేల నుంచి బయటికి వచ్చే చోట, మీటరు దారికి నీటి హెడ్ ఎంత పడిపోతుందన్న లెక్క) పెరుగుతూనే పోయింది, ఏ విలువ దగ్గరా నిలవలేదు. ఒకటికి తగ్గితే ప్రమాదమని సూచించే భద్రతా గుణకం ఒకటికి చాలా దిగువన వచ్చింది. అయినా 2022 జులై వరదలో ఆ గట్టుకు గండి పడలేదు. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, మీ నమూనాలో ఉందా, అసలు బుంగ మొదలయ్యే దశను ఎలా లెక్కించాలి అన్నది మీ ప్రశ్న.

సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. మీ నమూనా కూడా తనకిచ్చిన గణిత సమస్యను సరిగానే పరిష్కరించింది. పాదం దగ్గర ఒక బిందువులోని గ్రేడియంట్ గట్టు భవితవ్యాన్ని చెబుతుందని ఆశించడంలోనే చిక్కు ఉంది. నేల కింద ఇసుక కదలడం, ఆ కదలిక బుంగగా మారి ముందుకు సాగడం, ఆ బుంగ నది వరకు చేరడం వేరువేరు ఘటనలు. వాటి హద్దులు వేరు, వాటికి వాడవలసిన నమూనాలూ వేరు.

ముందుగా మెష్ సంగతి చూద్దాం. నీరు చొరని అడుగు గల గట్టు 30 మీటర్ల వెడల్పుతో చాలా లోతైన ఇసుక మీద నేరుగా కూర్చుని ఉందని, రెండు వైపుల నీటిమట్టాల తేడా 3 మీటర్లని అనుకోండి. ఊట వేగం గ్రేడియంట్‌కు అనులోమంగా ఉంటుందన్న డార్సీ నియమం నుంచి వచ్చే లాప్లాస్ సమీకరణానికి ఈ ఆకృతిలో కచ్చితమైన సమాధానం ఉంది. పాదం నుంచి దూరం తగ్గేకొద్దీ పైకి లేచే గ్రేడియంట్ ఆ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. పాదం బిందువు దగ్గర అది అనంతం. అందువల్ల మెష్‌ను సగానికి తగ్గించినప్పుడల్లా మీ జవాబు దాదాపు 1.4 రెట్లు కావాలి. మీ పట్టికలో అదే జరిగి ఉంటే మీ లెక్క చక్కగా ఉందన్నమాట. ఇదే గ్రేడియంట్‌ను పాదం నుంచి ఒక మీటరు మేర సగటు తీస్తే 0.35 వస్తుంది, పది సెంటీమీటర్ల మేర తీస్తే 1.1, ఒక సెంటీమీటరు మేర తీస్తే 3.5. వదులైన ఇసుక తేలిపోవడానికి మృత్తికా శాస్త్రవేత్త టెర్జాగీ చెప్పిన సందిగ్ధ గ్రేడియంట్ (ఇసుక తేలడం మొదలయ్యే హద్దు) సుమారు 1. అంటే ఒకే గట్టు, ఒకే వరద, సగటు తీసే పొడవు మాత్రమే మారితే భద్రతా గుణకం దాదాపు మూడు నుంచి 0.3 కంటే తక్కువ వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పొడవు చెప్పకుండా ఎగ్జిట్ గ్రేడియంట్ విలువ రాసిన నివేదిక నా దృష్టిలో అసంపూర్ణం.

ఈ చిక్కు మన దేశపు ఇంజనీర్లకు కొత్త కాదు. 1898లో గంగానది మీద నరోరా ఆనకట్ట దెబ్బతిన్న తరువాత, 1910 నాటికి ఇంజనీరు బ్లై, నీరు పునాదిని అంటిపెట్టుకుని పాకే మొత్తం పొడవును లెక్కలోకి తీసుకున్నారు. సన్నని ఇసుకకు ఆ పొడవు నీటిమట్టాల తేడాకు పదిహేను, పద్ధెనిమిది రెట్లు ఉండాలన్నారు. ఆయన పద్ధతిలో అడ్డంగా పాకిన మీటరుకూ నిలువుగా దిగిన మీటరుకూ ఒకే విలువ. తరువాత అప్పర్ చీనాబ్ కాలువ సైఫన్ల కింద గొట్టాలు దింపి పీడనాలను కొలిచిన ఇంజనీరు ఖోస్లాకు అవి బ్లై లెక్కతో సరిపోలేదు. బోస్, టేలర్‌లతో కలిసి 1936లో ఆయన వెలువరించిన సిద్ధాంతంలో ఎగ్జిట్ గ్రేడియంట్ సూత్రపు హారంలో దిగువ కటాఫ్ (ఊటను అడ్డుకోవడానికి నేలలోకి దింపే నిలువు గోడ) లోతు ఉంటుంది. ఆ లోతు సున్నా అయితే గ్రేడియంట్ అనంతం, కనుక దిగువ అంచున కటాఫ్ తప్పనిసరి అని ఆయన తేల్చారు. ఇందాకటి 30 మీటర్ల అడుగుకు దిగువ చివర 3 మీటర్ల షీట్‌పైల్ (పలకలతో చేసిన కటాఫ్) చేర్చి ఖోస్లా సూత్రం వేస్తే సుమారు 0.135, అంటే ఏడింట ఒక వంతు కంటే కాస్త తక్కువ వస్తుంది. సన్నని ఇసుకకు ఆయన సూచించిన ఆరింట ఒకటి నుంచి ఏడింట ఒకటి హద్దులో అది సరిపోతుంది. బ్యారేజీలకు ఈ పద్ధతి అంత గొప్పగా పనిచేయడానికి కారణం, అది అనంతాన్ని లెక్కించే ప్రయత్నం చేయకుండా కట్టడం ఆకృతిలోనే దాన్ని తొలగించడం. అయితే మట్టి గట్టు పాదానికి షీట్‌పైల్ ఉండదు. అందుకే మీరు ఖోస్లా సూత్రంతో మొదలుపెట్టి ముందుకు సాగలేకపోయారు.

సగటు తీయవలసిన పొడవు ఎంత అన్నదానికి ప్రయోగశాలల నుంచి జవాబు వచ్చింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో వెరా వాన్ బేక్, ఆమె సహచరులు ఏకరీతి ఇసుకలతో చేసిన పరీక్షల ప్రకారం, ఇసుక బుగ్గ (ఇసుకతో కలిసి ఉబికే ఊట) పుట్టాలంటే ఒక్క రేణువు కింద గ్రేడియంట్ హద్దు దాటితే చాలదు. నిష్క్రమణ దగ్గర, అంటే నీరు బయటికి వచ్చే చోట, సుమారు ఇరవై రేణువుల వ్యాసాల మేర సగటు గ్రేడియంట్ హద్దు దాటాలి. అప్పుడు అంత మేర ఇసుక ఒక్కసారిగా పొంగి, వదులై, నీటితో పాటు బయటికి వస్తుంది. 0.3 మిల్లీమీటర్ల ఇసుకకు ఆ పొడవు 6 మిల్లీమీటర్లు. పై ఉదాహరణలో 3 మీటర్ల హెడ్‌కు (నీటిమట్టాల తేడాకు) ఆ మేర సగటు 4.5 వస్తుంది. కనుక కేవలం 70 సెంటీమీటర్ల లోపు నీటి తేడాతోనే పాదం దగ్గర రేణువులు కదలడం మొదలవుతుంది. ఇది చాలా చిన్న సంఖ్య. ఇంత తక్కువ హెడ్‌కే గట్టు కూలిపోయేటట్లయితే డెల్టాలో ఒక్క గట్టూ మిగలదు. ప్రయోగశాలలో పెట్టె పొడవు అర మీటరు లోపు ఉన్నప్పుడు మొదలయ్యే హెడ్డూ కూలే హెడ్డూ దగ్గరదగ్గరగా ఉంటాయి, కొన్నిసార్లు మొదలు కావడమే కష్టం, మొదలైతే ఆగదు. గట్టు అడుగు వెడల్పు పదుల మీటర్లకు పెరిగేసరికి పరిస్థితి తలకిందులవుతుంది: మొదలు కావడం సులువు, సాగడం కష్టం. చిన్న పెట్టెలో కొలిచిన గ్రేడియంట్‌ను నేరుగా గట్టుకు అన్వయించవద్దని గట్టిగా చెప్పేది ఇందుకే.

అయితే మీ గట్టు నేరుగా ఇసుక మీద లేదు. మీరు పంపిన బోరు వివరాల్లో పైన సుమారు 2 మీటర్ల బంకమట్టి, దాని కింద 15 మీటర్ల ఇసుక ఉన్నాయి. డెల్టాలో మామూలుగా కనిపించే అమరిక ఇది. ఇక్కడ ఇసుకకు బయటికి దారి లేదు. ముందు ఆ బంకమట్టి పొర పైకి లేచి పగలాలి. మొదటి హద్దు ఇదే. ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్ల బరువున్న 2 మీటర్ల పొర, కింది ఇసుకలోని నీటి పీడనం నేలమట్టం కంటే సుమారు 1.67 మీటర్లు ఎక్కువైనప్పుడు తేలిపోతుంది. పాదం కింద ఆ పీడనం ఎంత ఉంటుందో లీకేజ్ లెంగ్త్ (పీడనం దూరంతో ఎంత నెమ్మదిగా తగ్గుతుందో తెలిపే పొడవు) చెబుతుంది. ఇసుక పారగమ్యతను (నీటిని పోనిచ్చే గుణాన్ని) దాని మందంతోనూ, బంకమట్టి మందంతోనూ గుణించి, బంకమట్టి పారగమ్యతతో భాగించి, వర్గమూలం తీస్తే అదే లీకేజ్ లెంగ్త్. ఇసుక పారగమ్యత సెకనుకు 0.0001 మీటరు, బంకమట్టిది దానిలో వెయ్యో వంతు అనుకుంటే అది 173 మీటర్లు వస్తుంది. నది వైపు పాదం దగ్గర ఇసుక నేరుగా నీటికి తెరుచుకుని ఉందనుకుంటే, 3 మీటర్ల వరదలో పొలం వైపు పాదం కింద సుమారు 2.56 మీటర్ల అదనపు పీడనం ఉంటుంది. పొర పగలడానికి నదిలో సుమారు 2 మీటర్ల తేడా చాలు. ఆ పీడనం పొలాల్లోకి వెళ్లేకొద్దీ చాలా నెమ్మదిగా తగ్గుతుంది కనుక, పాదానికి యాభై అరవై మీటర్ల అవతల కూడా పొర పలచగా ఉన్న చోట ఇసుక బుగ్గ లేవవచ్చు. వరద కాపలాలో పాదం వెంట మాత్రమే తిరిగేవారు ఈ దూరాన్ని గుర్తుంచుకోవాలి.

పొర పగిలిన తరువాత ఆ పగులులో నీటితో పాటు ఇసుక నిలువుగా లేవాలి. ఇది రెండో హద్దు. పై సంఖ్యలతో పొర మందం మీద సగటు నిలువు గ్రేడియంట్ 1.28 వస్తుంది కనుక ఇక్కడ అదీ దాటుతుంది. నెదర్లాండ్స్‌లో ఈ నిలువు దారిలో తేలే ఇసుక వల్ల నష్టమయ్యే హెడ్‌ను పొర మందంలో 0.3 వంతుగా తీసుకుంటారు, అంటే ఇక్కడ 0.6 మీటరు.

మూడో హద్దే గట్టు భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. బుగ్గ దగ్గర మొదలైన కోత బంకమట్టి అడుగును పైకప్పుగా చేసుకుని, నదివైపు వెనక్కి సాగుతుంది. ఆ దారి ఎత్తు కొన్ని రేణువుల మందమే. 1988లో సెల్‌మైయర్ తన డెల్ఫ్ట్ పరిశోధనలో మూడింటిని కలిపారు: ఇసుకలో డార్సీ ప్రవాహం, సన్నని దారిలో పొరలు పొరలుగా సాగే ప్రవాహం, దారి అడుగున రేణువు నిలవగలదా లేదా అన్న బలాల సమతుల్యం. దారి పొడవు పెరిగేకొద్దీ దాన్ని కొనసాగించడానికి కావలసిన హెడ్ మొదట పెరుగుతుంది, ఒక గరిష్ఠాన్ని చేరుతుంది, ఆ తరువాత తగ్గుతుంది. గరిష్ఠానికి లోపు హెడ్ ఉంటే దారి కొంత దూరం సాగి ఆగిపోతుంది. గరిష్ఠం దాటితే ఇక ఆపేది లేదు. ఐక్‌డైక్ అనే పేరుతో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రాంతంలో 2009లో నిజమైన పరిమాణంలో గట్టు కట్టి కూల్చి పరీక్షించారు. ఆ ఫలితాలతో సూత్రాన్ని సవరించి 2011లో ప్రకటించారు. మీ గట్టుకు, 0.3 మిల్లీమీటర్ల ఇసుక, 15 మీటర్ల మందం, 30 మీటర్ల అడుగు వెడల్పు పెడితే సవరించిన సూత్రం సుమారు 3.8 మీటర్లు ఇస్తుంది. దానికి పగులులో నష్టమయ్యే 0.6 మీటరు చేర్చితే 4.4. బ్లై సూత్రమైతే అదే గట్టుకు 2 మీటర్లే అనుమతిస్తుంది.

ఇప్పుడు మీ గట్టు ఎందుకు నిలిచిందో కనిపిస్తుంది. 2 మీటర్ల దగ్గర పొర పగులుతుంది, వెంటనే ఇసుక కదులుతుంది, కానీ రెండు పరిమాణాల (2-డి) లెక్కలో 4.4 మీటర్లు వచ్చేదాకా బుంగ నది వరకు పోదు. ఈ రెండింటి మధ్యలోనే వరద గట్లు తమ జీవితంలో ఎక్కువ భాగం గడుపుతాయి. మిసిసిపీ గట్ల వెంట 1937 వరదలోనూ ఆ తరువాతి వరదల్లోనూ లెక్కలేనన్ని ఇసుక బుగ్గలు లేచాయి. వాటిలో గండిగా మారినవి బహు కొద్ది. బుగ్గ లేవడం గట్టు కూలడంతో సమానం కాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఎవరూ చేయలేరు.

కానీ ఇక్కడ ఆగి, తేలికగా ఊపిరి పీల్చుకోవద్దు. సెల్‌మైయర్ సూత్రం నిష్క్రమణను గట్టు వెంట సాగే ఒక గీతగా భావిస్తుంది. పగిలిన బంకమట్టిలో నిజంగా ఉండేది ఒక రంధ్రం. చుట్టూ ఉన్న ఇసుకలోని నీరంతా ఆ ఒక్క రంధ్రం వైపు ముఖం తిప్పుతుంది కనుక అక్కడ ప్రవాహం కేంద్రీకృతమవుతుంది. రంధ్రంతో చేసిన ప్రయోగాల్లో కూలే హెడ్ రెండు పరిమాణాల సూత్రం చెప్పినదానిలో సుమారు సగానికి పడిపోయింది. ఆ సగం అన్న నిష్పత్తిని క్షేత్రానికి నేరుగా వర్తింపజేయడం సరికాదు, అయినా దిశ స్పష్టం. ఇక్కడ సగం వేస్తే 3.8 కాస్తా 1.9 అవుతుంది, 0.6 చేర్చితే 2.5, అది మనం లెక్కకు తీసుకున్న 3 మీటర్ల వరద కంటే తక్కువ. 4.4కూ 2.5కూ మధ్య ఉన్న ఈ దూరమే మీ సమస్యలోని నిజమైన అనిశ్చితి, మెష్ పరిమాణం కాదు. మీ శ్రమను ఇక మీదట ఇక్కడ పెట్టండి: బుగ్గలు లేచే అవకాశమున్న ఒకటి రెండు చోట్లనైనా మూడు పరిమాణాల (3-డి) నమూనా చేయండి.

2022 వరదను సాక్ష్యంగా చూపడంలోనూ జాగ్రత్త అవసరం. ఆ జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. 2022లో నిలిచిన గట్టు ఆనాటి మట్టాన్ని తట్టుకుంటుందని మాత్రమే రుజువైంది. పైగా సమయం కూడా లెక్కలోకి వస్తుంది. బంకమట్టి కింద బిగిసి ఉన్న ఇసుకలో పీడనం త్వరగా వ్యాపిస్తుంది కాని, కోత మీటరు మీటరుగా వెనక్కి నడవడానికి వ్యవధి కావాలి. నాలుగు రోజుల్లో దిగిన వరదలో సగం దూరం నడిచిన బుంగ తరువాతి వరదకు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. కాబట్టి నిలిచిన గట్టు కింద పాత దారులు ఉండవచ్చునన్న ఊహతో కూడా ఒక లెక్క చేయాలి. నమూనాలో గట్టు అడుగు వెడల్పును ఆ మేరకు తగ్గించి చూస్తే సరిపోతుంది.

రేణువుల స్థాయి నమూనాల గురించి కూడా అడిగారు. ఒక్కో రేణువునూ విడిగా కదిలించి, వాటి మధ్య నీటి ప్రవాహాన్ని లెక్కించే పద్ధతులు ఇసుక పొంగే క్షణంలో ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపయోగపడతాయి. సెంటీమీటర్ల పరిమాణంలో అవి చక్కగా పనిచేస్తాయి. డిజైన్‌కు వాటిని వాడమని చెప్పను. ఆ శక్తిని మరో రెండు బోర్లకు వెచ్చించడం మేలు. దానికంటే ముందు రేణువుల వర్గీకరణ రేఖను (ఏ సైజు రేణువులు ఎంత శాతం ఉన్నాయో చూపే గీతను) చూడండి. ముతక రేణువుల సందుల్లో సన్నని రేణువులు బరువు మోయకుండా వదులుగా ఉండే మిశ్రమమైతే, సన్నవి ముందుగానే కొట్టుకుపోతాయి. అటువంటి ఇసుక గులకల్లో టెర్జాగీ విలువలో మూడో వంతు నుంచి ఐదో వంతు గ్రేడియంట్‌కే కదలిక మొదలైనట్టు స్కెంప్టన్, బ్రోగన్ 1994లో చూపారు. అప్పుడు ఇప్పటిదాకా చెప్పిన క్రమం వర్తించదు, వేరే విశ్లేషణ కావాలి.

నమూనా ఎంత మంచిదైనా నేలను తప్పుగా గీస్తే ఫలితం తప్పే. డెల్టాలో నది ఎన్నోసార్లు దారి మార్చుకుంది. పూడిపోయిన పాత పాయలు గట్టును అడ్డంగా దాటే చోట ముతక ఇసుక ఉంటుంది, బంకమట్టి పొర పలచబడుతుంది. అర కిలోమీటరుకు ఒక బోరు వేస్తే ఇవి దొరకవు. పాత గ్రామ పటాలు, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే వంపు గీతలు, రైతులకు తెలిసిన ఊట భూములు బోర్ల కంటే ముందు చూడవలసినవి. మనుషులు చేసిన మార్పులు ఇంకా ముఖ్యం. గట్టు కోసం పక్కనే మట్టి తవ్విన గోతులు, పాదానికి దగ్గరగా తవ్విన చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మురుగు కాలువలు, మూయకుండా వదిలేసిన బోరుబావులు బంకమట్టి పొరను కోసేస్తాయి. మీ 2 మీటర్ల పొరలో చెరువు కోసం 1.5 మీటర్లు తవ్వి, వరద సమయంలో ఆ చెరువు ఖాళీగా ఉంటే, మిగిలిన అర మీటరు పొర 40 సెంటీమీటర్ల పీడనానికే తేలిపోతుంది. పైగా తవ్వకం లోతు మేర నీటి తేడా అదనంగా చేరుతుంది. అటువంటి చోటు ఒక్కటున్నా మొత్తం గట్టు భద్రత ఆ చోటి భద్రతే.

ఇసుక పునాది మీది పెద్ద కట్టడాలకూ ఇదే వర్తిస్తుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ 7వ బ్లాకు కుంగిన తరువాత, జాతీయ డ్యామ్ భద్రతా ప్రాధికార సంస్థ పంపిన కమిటీ తన ప్రాథమిక నివేదికలో సాధ్యమైన కారణాలుగా పేర్కొన్నవాటిలో పునాది ఇసుక కొట్టుకుపోవడం ఒకటి. కటాఫ్ ఉందన్న ఊహతో గీసిన ప్రవాహ వల (ఊట దారులను చూపే గీతల పటం), ఆ కటాఫ్‌లో ఒక సందు ఏర్పడగానే పనికిరాకుండా పోతుంది. అందుకే బ్యారేజీ నమూనాల్లో కటాఫ్ పూర్తిగా పనిచేసే సందర్భంతో పాటు ఒక చోట తెగిన సందర్భాన్ని కూడా మూడు పరిమాణాల్లో చేయాలని నేను పట్టుబడతాను.

మీ నివేదికలో ఎగ్జిట్ గ్రేడియంట్ పటాన్ని తీసేసి, మూడు హద్దులకూ విడివిడిగా నదిమట్టాలను రాయండి: పొర పగిలే మట్టం, ఇసుక లేచే మట్టం, బుంగ ఆగకుండా సాగే మట్టం. ప్రతిదానికీ పారగమ్యత, పొర మందం, రేణువు పరిమాణాల అవధులు వేసి, ఫలితాన్ని ఒక సంఖ్యగా కాక ఒక పరిధిగా ఇవ్వండి. మూడో హద్దుకు నెదర్లాండ్స్ పరిశోధన సంస్థ డెల్టారెస్ వారి సాఫ్ట్‌వేర్ దొరికితే వాడండి, దొరకకపోతే సెల్‌మైయర్ సూత్రాన్ని స్ప్రెడ్‌షీట్‌లో వేసుకున్నా ఈ దశకు చాలు. మొదటి మట్టాన్ని కాపలా సిబ్బందికి తెలియజేయాలి, ఎందుకంటే ఆ మట్టం నుంచే పాదం అవతలి పొలాల్లో కూడా గస్తీ మొదలు కావాలి. ఇసుకతో బుగ్గ లేస్తే దాని నోరు మూయకూడదు. మూస్తే పీడనం పక్కన మరోచోట దారి వెతుక్కుంటుంది. ఇసుక బస్తాలతో చుట్టూ రింగ్‌బండ్ వేసి, లోపలి నీరు తేటగా వచ్చేవరకు మట్టాన్ని పెంచాలి. నమూనాలో ఆ పెరిగిన మట్టాన్ని నిష్క్రమణ హెడ్‌గా పెట్టి, రింగ్‌బండ్ ఎంత ఎత్తు ఉండాలో ముందుగానే లెక్కించి ఇవ్వవచ్చు.

వచ్చే వరద లోపు కనీసం రెండు అడ్డకోతల్లో, నది వైపు అంచు దగ్గర ఒకటి, పొలం వైపు పాదం దగ్గర ఒకటి, పాదానికి యాభై మీటర్ల అవతల ఒకటి చొప్పున ఇసుక పొరలోకి పీజోమీటర్లు (నేలలోని నీటి పీడనాన్ని కొలిచే గొట్టాలు) దింపించండి. నదిమట్టం ఒక మీటరు పెరిగినా వాటి రీడింగుల నుంచి లీకేజ్ లెంగ్త్‌ను వెనక్కి లెక్కించవచ్చు. నేను ఊహించిన 173 మీటర్లు మీ దగ్గర 80 అయినా 300 అయినా పై సంఖ్యలన్నీ మారతాయి. ఆ రీడింగులు చేతికి వచ్చాక మొదటి హద్దు నుంచి లెక్క మళ్లీ చేయండి.